నడిమి పళ్ళు

ఆ వేసవిలో మా వదిన సొమ్ములో మూడో వంతు నేను ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టాను. దొంగ ఎవడో ఇప్పటికీ తెలియదు. కానీ వాడికి తలుపు తీసింది మాత్రం నేనే. చిన్నప్పటి నుంచి మా నాన్న వెయ్యిసార్లు చెప్పిన మాటను ఆ ఒక్క పూట పెడచెవిన పెట్టాను.

మాది తాళం చెవులు చేసే కొట్టు. నాలుగంతస్తుల మేడలో మెట్ల కింద, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నేను మెషీను మీదికి వంగాలంటే నాన్న స్టూలు మీద కాళ్ళు ముడుచుకోవాలి. ఏడాది కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. అప్పటి నుంచి పనంతా నాదే, పలకరింపులు ఆయనవి. వచ్చినవాళ్ళందరితోనూ "మా అమ్మాయి చేసిన చెవిని చూసి తాళం కప్ప కూడా అనుమానపడదు" అనేవాడు. "ఈ కొట్టు దానిదే" అని కూడా అనేవాడు. ఆ రెండో మాట వినడం నాకు ఎంత ఇష్టమో ఆయనకు తెలుసు.

నిజానికి కొట్టు అద్దెది. ఎండలు ముదురుతున్న రోజుల్లో మేడ యజమాని గుమాస్తా ఒక కాగితం పట్టుకొచ్చాడు. కొట్లన్నీ అమ్మేస్తున్నారట. ఇప్పుడు ఉంటున్నవాళ్ళకే మొదటి హక్కు. బయానా ఇప్పుడు, మిగతాది సెలవులైపోయి బడులు తెరిచే రోజుకి. అప్పటికి ఇవ్వలేకపోతే మెట్ల కిందికి ఫోను కవర్లు అమ్మేవాడు వస్తాడు. వాడు అప్పటికే టేపు తెచ్చి, నేను చూస్తుండగానే మా గోడ కొలుచుకుని వెళ్ళాడు.

ఇంటికి వచ్చి చెబితే అన్నయ్య తల పట్టుకున్నాడు. వాడు బస్సు నడుపుతాడు. వాడి జీతం నెల మొదట్లో ఎక్కి నెల మధ్యలో దిగిపోతుంది. వదిన మాత్రం గీస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే, "నా దగ్గర ఉన్నాయిగా" అంది.

వదిన పనంతా గళ్ళ కాగితం మీద. దారంతో కుట్టుకునే బొమ్మలకు గడి గడికీ రంగు గుర్తు పెట్టి నమూనాలు గీస్తుంది. కొనేవాళ్ళు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో. బ్యాంకుల గుండా పంపితే దారిలోనే బోలెడు కరిగిపోతోందని, మూడేళ్ళుగా వాళ్ళు ఆమెకు క్రిప్టో కాయిన్లు ఇస్తున్నారు. ఆమె ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నేను ఆమెను గళ్ళమ్మ అంటాను. ఆమె నన్ను ఆకురాయి అంటుంది. నా చేతిలోని పనిముట్టును చూసి కాదు, నా నోటిని చూసి.

"కోడలి కష్టార్జితంతో కొట్టు కొనడమేమిటమ్మా" అన్నాడు నాన్న.

"కొట్టు పోతే ఇది రోజంతా ఇంట్లోనే ఉంటుంది మామయ్యా. ఆ రాపిడికి నేనెన్నాళ్ళు మిగులుతాను? నా ప్రాణం కోసం కొంటున్నాననుకోండి."

నాన్న నవ్వాడు. ఆయన నవ్వాడంటే ఒప్పుకున్నట్టే.

బయానాకి కావలసినన్ని కాయిన్లు వదిన మర్నాడే అమ్మేసింది. మిగిలినవి రెండున్నర నెలలు ఆగాలి. అవి ఊరికే పడి ఉండడం ఆమెకు నచ్చలేదు. ఒక సాయంత్రం టీ తాగుతూ నాన్నకు అంతా విడమరిచి చెప్పింది. కాయిన్లను ఆ నెట్‌వర్కుకు పూచీగా పెడితే కొద్దిగా ప్రతిఫలం వస్తుంది, దాన్ని స్టేకింగ్ అంటారు. నేరుగా పెడితే అవి అక్కడ ఇరుక్కుపోతాయి, అడగ్గానే రావు. అలా కాకుండా, పూచీలో ఉన్న కాయిన్లకు రసీదు లాంటి టోకెన్లు దొరుకుతాయి. అవి కొనుక్కుంటే ప్రతిఫలం వాటి విలువలోనే పెరుగుతూ ఉంటుంది, కావాలన్న రోజున అమ్ముకోవచ్చు.

"సరుకు గోదాములో, రసీదు చేతిలో. అంతేనా?" అన్నాడు నాన్న.

"అంతే మామయ్యా."

"ధర పడిపోతే?"

"పడితే ఊరికే ఉంచినా పడుతుంది. మూడేళ్ళు ఆగినదాన్ని, ఇంకో రెండు నెలలు ఆగలేనా?"

"సరే. ఎవరి దగ్గర కొంటావు?"

"డీసెంట్రలైజ్డ్ ఎక్స్ఛేంజ్ అని ఒకటుంటుంది. యజమాని ఉండడు, గుమాస్తా ఉండడు. ప్రోగ్రామే బజారు. మన కాయిన్లు వేస్తే వాటికి సరిపడా టోకెన్లు ఇస్తుంది."

"గుమాస్తా లేని బజారా, వినడానికి హాయిగా ఉంది" అన్నాడు నాన్న. టీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టాక అడిగాడు. "పొరపాటు జరిగితే ఎవరిని అడుగుతారు?"

"ఎవర్నీ అడగలేం. అక్కడ ఎవరైనా ఏ పేరుతోనైనా టోకెను పెట్టుకోవచ్చు. అందుకని పేరు చూసి కొనకూడదు, చిరునామా చూసి కొనాలి. నలభైకి పైగా అక్షరాలూ అంకెలూ ఉంటాయి."

"అయితే ముందు తలుపు తెరిచి పెట్టి తిప్పి చూడు."

అది మా వృత్తిలో మొదటి పాఠం. కొత్త తాళాన్ని తలుపు తెరిచి ఉండగానే తిప్పి చూడాలి. మూసి చూశామా, బయటే నిలబడిపోతాం. వదిన అలాగే చేసింది. టోకెన్లు చేసినవాళ్ళ సొంత పేజీలోంచి చిరునామా తీసుకుని గళ్ళ కాగితం మీద గడికొక అక్షరం చొప్పున రాసుకుంది. కొద్దిపాటి కాయిన్లతో కొన్ని టోకెన్లు కొంది, మళ్ళీ అమ్మింది, మళ్ళీ కొంది. పక్కన కూర్చుని నేను ప్రతి నొక్కూ చూశాను. మిగతా కాయిన్లను మూడు వంతులు చేసి, రోజుకొక వంతు చొప్పున కొందామంది. ప్రతి కొనుగోలుకూ నెట్‌వర్కు తీసుకునే, పూటపూటకూ మారే ఫీజులకని కొన్ని విడిగా ఉంచింది.

మర్నాడు ఆమెకు తీరిక లేదు, ఒక నమూనా సాయంత్రంలోగా పంపాలి. ఫోను నా చేతికిచ్చి, "కాగితం కూడా పట్టుకెళ్ళు. మధ్యాహ్నం ఫీజు తగ్గాక నువ్వే కొను. నిన్న చూశావుగా" అంది. నన్ను నమ్మి అప్పగించిందని పొంగిపోయాను. ఆ పొంగులో కాగితం బల్ల మీదే మర్చిపోయాను.

ఆ రోజు కొట్టులో జరిగినది ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. మధ్యాహ్నం ఒకావిడ వచ్చి ఒక తాళం చెవి ఇచ్చింది. వేలితో తడమగానే తెలిసింది, అది డూప్లికేట్.

"ఒరిజినల్ తీసుకురండి" అన్నాను.

"ఇదీ పనిచేస్తుందిగా."

"ఇది పనిచేస్తుంది. దీని మీంచి తీసింది పనిచేయదు. ఇందులో వెంట్రుకవాసి తేడా ఉంటే, అందులో రెండు వెంట్రుకలవుతుంది. డూప్లికేట్ మీంచి డూప్లికేట్ తీయకూడదు."

స్టూలు మీద నాన్న గర్వంగా తలూపాడు. ఆయన నోట వెయ్యిసార్లు విన్న మాట అది. ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నాన్న భోజనానికి ఇంటికి వెళ్ళాడు. నేను ఫోను తీశాను.

ఫీజు తక్కువగానే ఉంది. కాగితం కోసం సంచి వెతికితే లేదు. ఇంటికి వెళ్ళి రావాలంటే గంట పడుతుంది. కాయిన్లూ టోకెన్లూ దాచే వాలెట్ ఫోనులోనే ఉంది, నిన్న కొన్నవాటి జాబితా అందులో ఉంటుంది కదా అనిపించింది. తెరిచాను. అదే పేరు, అదే బొమ్మ. రెండు వరుసలు ఉన్నాయి, రెండుసార్లు కొన్నందుకేమో అనుకుని పై వరుసలోని చిరునామా కాపీ చేశాను. మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగూ నాకు గుర్తే, సరిపోయాయి. నొక్కేశాను.

సాయంత్రం విజయం సాధించినదానిలా ఇంటికి వెళ్ళి ఫోను వదిన చేతిలో పెట్టాను. ఆమె చూసింది. స్క్రీను మీద జరుగుతున్న వేలు ఆగిపోయింది.

"టోకెన్లు నిన్న ఉన్నన్నే ఉన్నాయేంటి?" అంది.

బల్ల మీది గళ్ళ కాగితం తెచ్చి ఫోను పక్కన పెట్టింది. అది బల్ల మీద ఎందుకుందని అడగలేదు. నాన్న జేబులోంచి భూతద్దం తీసుకుని, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒక్కో అక్షరం మీదుగా నడిపించాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అన్నయ్య గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"మొదటి పళ్ళు సరే" అన్నాడు, తాళం చెవి పళ్ళు లెక్కపెట్టినట్టు. "చివరి పళ్ళు సరే. నడిమి పళ్ళు వేరు."

ఆ బజారులో ఎవరు ఏం కొన్నా అందరికీ కనిపిస్తుంది. ఎవరో ఒక దొంగ ముందురోజు మా కొనుగోలు చూసి, అదే పేరుతో నకిలీ టోకెను పుట్టించి, మొదలూ చివరా కలిసే చిరునామా తగిలించి, మా వాలెట్‌లోకి చిటికెడు పంపించాడు. నేను చూసిన పై వరుస అది. వదిన దాన్ని అమ్మి చూడబోయింది. ఎక్కడా చెల్లలేదు. ఇచ్చిన కాయిన్లు వాడి దగ్గర ఉన్నాయి, మా దగ్గర ఉన్నది చిత్తు కాగితం పాటి చేయదు.

"దేని మీంచి తీశావమ్మా?" అని నాన్న అడిగాడు.

"నిన్నటి జాబితా మీంచి."

ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ పూట ఎంత అనుకున్నానో.

వదిన వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడేళ్ళు గడి గడికీ వంగి సంపాదించినదాంట్లో దాదాపు ఒక ఏడాది నేను ఊడ్చేశాను.

"రెండు వంతులున్నాయి" అంది. "రేపు రెండోది కొందాం."

"నువ్వు చెయ్యి వదినా. నేనిక ఆ ఫోను ముట్టుకోను."

"నువ్వే చేస్తావు."

"నా చేతులు వణుకుతున్నాయి."

వదిన నాన్న వైపు చూసింది. జవాబు ఆయనే చెప్పాడు. "వణుకుతున్న చేత్తో మెషీను ముట్టుకోకూడదు. తగ్గాక ముట్టుకోవాలి. నాది తగ్గలేదు. నీది పొద్దున్నకి తగ్గుతుంది."

అన్నయ్య అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు, "నా బస్సు మొదటి వారంలోనే గేటుకి గుద్దాను. ఆ మర్నాడు అదే బస్సు ఇచ్చారు నాకు" అన్నాడు. వాడి జన్మలో పనికొచ్చే మాట అన్నది ఆ రోజే అని వదిన తర్వాత చాలాసార్లు వెక్కిరించింది.

పొద్దున్నే నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. టోకెన్లు చేసినవాళ్ళ సొంత పేజీ తెరిచి, చిరునామా మళ్ళీ అక్కడి నుంచే తీసుకున్నాం. నాన్న కాగితం మీంచి ఒక్కో అక్షరం బిగ్గరగా చదివాడు, నేను ఫోనులో చూసి ఊఁ అన్నాను, వదిన ఆ గడి మీద చుక్క పెట్టింది. నడిమి పళ్ళ దగ్గర నాన్న కావాలనే నెమ్మదించాడు. ముందు చిటికెడు కొని, అమ్మి చూశాను. తలుపు తెరిచే ఉంది. అప్పుడు రెండో వంతు కొన్నాను. మర్నాడు ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చేసి మూడోది కొన్నాను.

ఇక పోయిన వంతు సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమంటారు కానీ, నాకు చేతులే ఆధారం, పట్టుకోక తప్పదు. ఊరి చివర విద్యార్థుల హాస్టలు ఒకటుంది. నూట అరవై గదులు. పాత వాచ్‌మన్ పని మానేస్తూ తాళాల గుత్తి ఎక్కడో పారేశాడు, గదులన్నీ మూసినవి మూసినట్టే ఉన్నాయి. నెల కిందట వార్డెనమ్మ వచ్చి అడిగితే, ఒక్కదాన్నే అంత పని చేయలేనని పంపేశాను. ఇప్పుడు నేనే వెతుక్కుంటూ వెళ్ళాను.

"అప్పుడు కుదరదన్నావుగా" అంది వార్డెనమ్మ.

"అప్పుడు అవసరం లేదండి. ఇప్పుడుంది."

ఆవిడ అద్దాల పైనుంచి నన్ను చూసింది. "నిజం చెప్పావు కాబట్టి బేరమాడను. బడులు తెరవడానికి రెండు రోజుల ముందు ప్రతి గదీ తెరుచుకోవాలి. ఒక్కటి మిగిలినా ఒప్పుకోను."

"ఒక్కటీ మిగలదు."

పొద్దున కొట్టు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా హాస్టలు. ప్రతి గది తాళం తీయడం, విప్పడం, లోపలి లోతులు కొలవడం, దానికి తగ్గ చెవి ఆకురాయితో చేత్తోనే కోయడం. పై అంతస్తులో రేకుల కప్పు కింద ఇనుప రజను చెమటకు అంటుకుని మోచేతుల దాకా మెరిసేది. మొదటి వారంలో పన్నెండు గదులే అయ్యాయి. లెక్క వేస్తే గడువుకి నలభై గదులకు పైగా మిగిలిపోతాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. కానీ వదిన నా వేళ్ళ మీది కట్లు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం హాస్టలు మెట్లెక్కి వచ్చింది, చంకలో గళ్ళ కాగితాల కట్ట.

"ఏం చేస్తావిక్కడ?" అన్నాను.

"నువ్వు లోతులు చెప్పు, నేను గళ్ళలో పెడతాను. ఒక్కో తాళానికీ కొలవడం, కోయడం, మళ్ళీ లేచి కొలవడం ఏమిటి నీ బొంద. ముందు వరసంతా కొలిచెయ్యి. ఆ తర్వాత కూర్చుని వరసంతా కోసుకో."

ఇరవై రెండేళ్ళ వయసు నుంచి ఆ మెషీను దగ్గర నిలబడ్డదాన్ని, నాకు తట్టలేదు. నేను తాళం విప్పి "మూడు, ఒకటి, నాలుగు, రెండు, అయిదు" అంటే ఆమె గడులు నింపేది. పంటి లోతు ఎంతో అన్ని గడులు. పది తాళాలు ఒక కాగితం మీద పక్కపక్కన కుట్టుపని నమూనాలా కనిపించేవి. నాన్న కింది అంతస్తులో కూర్చుని గదుల నంబర్ల బిళ్ళలు చెవులకు కట్టేవాడు, ముడి వేయడానికి వణికే చెయ్యీ పనికొచ్చింది. అన్నయ్య సెలవు రోజున కొట్టులోని మెషీను మోసుకొచ్చి మేడ మీద పెట్టి, టిక్కెట్టు అడిగాడు.

పనిలో పడితే వదినా నేనూ పోయిన వంతు గురించి మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం, తొంభయ్యో గది దగ్గర నేనే కదిపాను.

"నా మీద కోపం లేదా నీకు?"

"ఉంది" అంది గడి నింపుతూ. "ఆ రాత్రి నిన్ను గోడకేసి కొడదామనిపించింది. కోపం ఉంటే ఏం చేస్తాం, పని ఆగుతుందా? తర్వాతి తాళం చెప్పు."

ఆ మాటతో నా గుండె మీది బరువు కొంత దిగింది. కోపం లేదని ఉంటే నమ్మేదాన్ని కాదు.

గడువుకు ముందురోజు నూట అరవయ్యో గది తెరుచుకుంది. వార్డెనమ్మ గుత్తి పట్టుకుని ప్రతి గదీ స్వయంగా తిప్పి చూసి, ఆ తర్వాతే డబ్బిచ్చింది. పోయిన వంతుకు అది దాదాపు సరిపోయింది, మిగతా కాస్తా అన్నయ్య తన జీతం దిగిపోకముందే పట్టుకొచ్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రం టోకెన్లు అమ్మడానికి కూర్చున్నాం. ధర ఈలోగా రెండుసార్లు పడి లేచి, బయల్దేరిన చోటికే వచ్చి కూర్చుంది. టోకెన్లను చేసినవాళ్ళకే వెనక్కి ఇచ్చి, పూచీలోని కాయిన్ల కోసం వరసలో ఆగితే రవ్వంత ఎక్కువ వచ్చేది, కానీ ఎన్ని రోజులు ఆగాలో తెలియదు. ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే కాస్త తక్కువ, కానీ అప్పటికప్పుడే. వదిన అమ్మేయమంది. నాన్న చదివాడు, ఆమె చుక్కలు పెట్టింది, ముందు చిటికెడు, ఆ తర్వాత అంతా. నా చెయ్యి వణకలేదు.

ఇంతా చేసి రెండు నెలలకు పైగా పూచీలో ఉన్నందుకు వచ్చిన ప్రతిఫలం ఎంతయ్యా అంటే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. దాంతో షట్టరుకు ఒక మంచి కొత్త తాళం వచ్చింది. "నేను కావాలనుకున్న ఎలుక ఇదే" అంది వదిన.

బడులు తెరిచే రోజు మేడ మీది ఆఫీసులో గుమాస్తా మా ముందు కాగితాలు పెట్టి, కొనేవారి పేరు రాసే చోట కలం ఆపి తలెత్తాడు. నాన్న నా వైపు చూశాడు. ఈ కొట్టు దానిదే అని ఎన్నేళ్ళుగానో అంటున్న మనిషి.

నేను వదిన పేరు చెప్పాను.

"అదేంటి" అంది వదిన. "పోయినదంతా నువ్వు కట్టేశావుగా."

"కట్టింది డబ్బు వదినా. మర్నాడు పొద్దున ఫోను మళ్ళీ నా చేతిలో పెట్టావే, అది దేంతో కట్టను?"

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నాన్న ఒక్క నిట్టూర్పు విడిచి, "రాయండి" అన్నాడు. ఆ నిట్టూర్పు నాకు గుచ్చుకుంది, అబద్ధం ఎందుకు. కానీ చెప్పిన పేరు మార్చలేదు.

"ఇక నీకు జీతం ఇవ్వాలి కాబోలు" అంది వదిన మెట్లు దిగుతూ.

"నెల మొదటి రోజునే. అన్నయ్య జీతంలా దిగిపోకుండా చూడు."

కొత్త తాళం షట్టరుకు బిగించాను. షట్టరు ఎత్తి ఉంచే రెండుసార్లు తిప్పి చూశాను. దాంతోపాటు వచ్చిన చెవులు రెండూ వదిన చేతిలో పెట్టి, అందులో ఒకటి అడిగి తీసుకుని మెషీనుకు బిగించాను. నాన్న అలవాటుగా కాళ్ళు ముడుచుకున్నాడు. అయిదు నిమిషాల్లో నా చెవి తయారైంది. మొదటి పన్ను నుంచి చివరి పన్ను దాకా వేలితో తడిమి, ఒరిజినల్ తిరిగి వదినకు ఇచ్చేశాను.

ఇప్పటికీ పొద్దున్నే ఆ షట్టరు తీసేది నేనే. తీసేది డూప్లికేట్‌తో. అది అరిగినప్పుడల్లా వదిన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాస్తాను. ఆమె ఒరిజినల్ తీసి నా చేతిలో పెడుతుంది, ఎందుకని అడగదు.